నా ఎత్తు బెల్లం

మొన్న ఆదివారం మధ్యాహ్నం స్రవంతి ఇంటికి భోజనానికి వెళ్ళాను. స్రవంతి నా స్నేహితురాలు, మా పక్క వీధిలోనే ఉంటుంది. వాళ్ళమ్మాయి రియా హైస్కూల్లో చదువుతోంది, ఈమధ్యే వెయిట్‌లిఫ్టింగ్‌లో చేరింది. నేను కూడా ఆ వయసులో బరువులెత్తేదాన్నని ఎవరో చెప్పారట, ఒకసారి వచ్చి పిల్లతో మాట్లాడమని పిలిచారు. వెళ్ళేసరికి వంటింటి గట్టు మీద ఆవకాయ జాడీ పక్కనే ప్రోటీన్ పొడి డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. స్రవంతి భర్త ఫోన్ పట్టుకుని కూతురు బరువులెత్తిన వీడియోలు ఒకటి అయ్యాక ఒకటి చూపిస్తూ, ఏ వీడియోకి ఇండియాలో ఏ బాబాయి ఏమని కామెంట్ పెట్టాడో కూడా చదివి వినిపిస్తున్నాడు. ఆ పిల్ల అవేమీ పట్టనట్టు నా కంచం పక్కకి కుర్చీ లాక్కుని, "ఆంటీ, మీ ఇంట్లో సపోర్ట్ చేసారా? లైక్, మీ మామ్ వాళ్ళు ఓకే అన్నారా?" అంది. చేశారు అన్నాను. ముద్ద నోట్లో పెట్టుకుని కాస్త ఆలోచించి, అంటే, చేయలేదు అన్నాను. "సో విచ్ వన్, ఆంటీ?" అంది. నిజంగానే నాకు తెలియలేదు. స్రవంతి పకపకా నవ్వి, "దీన్ని పప్పులో ఉప్పు సరిపోయిందా అనడిగినా ఇంతేనే, సాయంత్రానికి గానీ తేల్చదు" అంది. అప్పటికి నేనూ నవ్వేశాను గానీ, ఇంటికి నడిచొస్తున్నంత సేపూ అదే ఆలోచన. నలభై దాటిన మనిషిని. నా సొంత ఇంట్లో ఎవరు నా వైపు నిలబడ్డారో, ఎవరు అడ్డం పడ్డారో చెప్పలేకపోవడం ఏమిటి, నా ఖర్మ కాకపోతే!

మాది రెండు వంటల ఇల్లు. అమ్మది తెనాలి, నాన్నది హనుమకొండ దగ్గర పల్లెటూరు. హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ పెళ్ళి చేసుకున్నారు. నాన్నకు ఇక్కడ ఉద్యోగం వచ్చి, డల్లాస్ పక్కనున్న ఈ కాపెల్‌కి మేము వచ్చేనాటికి నేను ఐదో తరగతి ముగించాను. అందుకే నా తెలుగు ఇంకా బతికుంది. ఇంట్లో ఎవరి యాస వాళ్ళదే, నాది మాత్రం ఎటూ కాని కలగూరగంప. పొద్దున్నే అమ్మ కుక్కర్ పెట్టి తాలింపు వేసేది. ఆ వాసన పట్టకుండా తన ఆఫీసు కోటును గరాజ్‌లో మేకుకు తగిలించేది, వెళ్ళేటప్పుడు అక్కడే తొడుక్కునేది. అయినా కోటు నిండా ఇంగువ వాసనే. శనివారాలు నాన్న మనవాళ్ళ దుకాణాలుండే ఇర్వింగ్ వెళ్ళి సరుకులు తెచ్చేవాడు. ఆయనకు నడుం నొప్పి, కాబట్టి బియ్యం బస్తాలు కారులోంచి దింపే పని నాది. చంకలో ఒకటి, భుజాన ఒకటి వేసుకుని నేను లోపలికి నడుస్తుంటే "ఆడపిల్లవే, కాస్త మెల్లగా" అని అమ్మ గొణిగేది. "అచ్చం మా అమ్మ పోలికే" అని నాన్న మురిసిపోయేవాడు. అది మెచ్చుకోలో, వెక్కిరింతో అమ్మకీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు.

స్కూల్లో పీఈ క్లాసులో ఒకరోజు మమ్మల్ని వెయిట్ రూమ్‌కి తీసుకెళ్ళారు. రబ్బరు వాసన, ఇనుము వాసన, ఎవరో వదిలేసిన సాక్సుల వాసన. నేలమీదున్న ఇనప కడ్డీని, అదే బార్‌ని, ఎత్తమంటే ఎత్తాను, దానికి ఇంకో ఇనప బిళ్ళ వేస్తే అదీ ఎత్తాను. గోడకు ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాగితం కప్పులో ఉమ్ముతూ ఒక పొట్టి ముసలావిడ చూస్తోంది. ఆవిడే కోచ్ డార్లీన్. స్కూలు అయిపోయాక రైలు పట్టాల అవతల ఒక గోడౌన్‌లో పిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పేది. మాధవి అనడం చేతకాక నన్ను "మ్యాడీ" అనేది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నవి రెండే రెండు. బార్‌ని నేల మీంచి ఒక్క ఊపులో తల మీదికి తీసుకెళ్ళడం స్నాచ్. ముందు భుజాల మీదికి లాగి, అక్కడి నుంచి పైకి తొయ్యడం క్లీన్ అండ్ జెర్క్. ఇంతే ఆట. కానీ బార్ మోకాళ్ళు దాటి నడుం దాకా వచ్చాక, ఒక్క రెప్పపాటు దానికి బరువే ఉండదు. ఆ రెప్పపాటులో దాని కిందికి దూరిపోవాలి. ఆ కాసేపు నేను ఎవరినో, ఏ యాసదాన్నో, క్యాంటీన్లో ఎవరి పక్కన కూర్చోవాలో, ఏదీ గుర్తుండేది కాదు. ఆ మరుపు కోసమే రోజూ వెళ్ళేదాన్నేమో.

ఇంట్లో ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో మాత్రం ఒకరికొకరికి పొంతన లేదు. "కాలేజ్ అప్లికేషన్‌లో డిఫరెంట్‌గా ఉంటది. మనోళ్ళ పిల్లలందరూ స్పెల్లింగ్ బీ, వయొలిన్" అన్నాడు నాన్న. "వెళ్ళనివ్వండి, కాస్త ఒళ్ళు తగ్గుతుంది" అంది అమ్మ. అమ్మకు నా ఒళ్ళు ఒక నిత్య దిగులు. ఎక్కడ పుట్టినరోజు ఫంక్షన్ జరిగినా ఎవరో ఒక ఆంటీ "పాప బొద్దుగా ఉందేంటి సుజాతా" అనడం, అమ్మ ఇంటికొచ్చి నా కంచంలో నెయ్యి తగ్గించడం. నేను బరువులెత్తితే తొడలు ఇంకా బలుస్తాయని ఆవిడకెవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పోటీల్లో వేసుకునే ఒంటికి అతుక్కునే డ్రెస్సు చూసినప్పుడు మాత్రం అమ్మ మంచం మీద కూలబడింది. "లోపల ఫుల్ హ్యాండ్స్ వేసుకోకూడదా?" అంది. మోచేతులు కనబడాలమ్మా, జడ్జీలు చూస్తారు అన్నాను. లేచి, ఆ డ్రెస్సుకే నీట్‌గా ఇస్త్రీ చేసిపెట్టింది. ఇస్త్రీ చేస్తున్నంత సేపూ తిడుతూనే ఉంది.

ఇలా ఉండగా నాయనమ్మ వచ్చింది. నాన్నవాళ్ళమ్మ, ఆరునెలలు ఉండి పోదామని. ఆవిడ వచ్చిన మర్నాటి నుంచి ఇంటి వాసనే మారిపోయింది. తెల్లవారకముందే స్నానం చేసి, తలకు కొబ్బరినూనె పట్టించి, పొయ్యి ముందు చేరేది. నువ్వులు వేగే వాసన, వెల్లుల్లి దంచిన వాసన, అడుగంటిన సర్వపిండి వాసన. అమ్మ చారులో బెల్లం వేస్తే ఆవిడ మొహం చిట్లించేది, ఆవిడ కూరలో కారం తింటే అమ్మకు కళ్ళ నీళ్ళు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనేవారు కాదు, రెండు రకాలూ నా కంచంలోకే వచ్చేవి. షుగర్ మాత్ర వేసుకుంటూనే, దేవుడి ప్రసాదానికి షుగర్ లేదని వాదించేది నాయనమ్మ. ఇక్కడి ఫ్యాన్ గాలికి కూడా చలేనని సాక్సులు తొడుక్కుని, వాటి మీద చెప్పులు వేసుకుని ఇల్లంతా తిరిగేది.

నా అరచేతులు ఆవిడ కంట పడ్డాయి. కాయలు కాచి, అక్కడక్కడ తోలు లేచి ఉన్నాయి.

"ఏందే పోరీ, గివేం చేతులు? మీ అమ్మ నీతోని బండలు కొట్టిస్తున్నదా?"

ఇనుము ఎత్తుతున్నా అని చెప్పాను. ఎందుకని అడగలేదు. నేనూ వచ్చి చూస్తానంది. మర్నాడు నాన్న ఆవిడను గోడౌన్‌కి తీసుకొచ్చాడు. నేత చీర, పైన నాన్న పాత స్వెటర్, మడత కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను స్నాచ్ చేసి బార్‌ని మామూలుగా పైనుంచి వదిలేశాను. దభీమని పడింది. నాయనమ్మ అదిరిపడి లేచి నిల్చుంది. భయం వల్ల కాదు, కోపం వల్ల. "అన్నం పెట్టేదాన్ని గట్ల పారేస్తరా? మొక్కు దానికి!" అంది, అందరూ వింటుండగా. పారేయడమే పద్ధతి నాయనమ్మా, కింద చెక్క వేసింది అందుకే అన్నా వినదే! వంగి బార్‌ని తాకి కళ్ళకద్దుకున్నాను. చెవులు వేడెక్కిపోయాయి. డార్లీన్ అదేమిటని అడిగితే, చేతుల చెమట చూసుకుంటున్నా అని ఏదో కోశాను. ఆ తర్వాత నాయనమ్మ వచ్చినా రాకపోయినా ఎత్తిన ప్రతిసారీ బార్‌ని కళ్ళకద్దుకోవడం అలవాటైపోయింది, ఎవరి కోసమో ఇప్పటికీ చెప్పలేను.

అప్పుడే ఆ పోటీ సంగతి వచ్చింది. జూనియర్ నేషనల్స్‌కి అర్హత సంపాదించే పోటీ, మాకు దగ్గర్లోనే ఒక స్కూలు జిమ్‌లో. ఈ ఆటలో మనిషి బరువును బట్టి విభాగాలుంటాయి. ప్రతి విభాగానికీ స్నాచ్, జెర్క్ రెండూ కలిపి ఇంత మొత్తం ఎత్తితేనే నేషనల్స్ అని ఒక గీత ఉంటుంది. నేను మామూలుగా అరవై కిలోల పైన ఉండేదాన్ని, అంటే అరవై మూడు కిలోల విభాగం. అందులో గీత నాకు అందనంత ఎత్తున ఉంది. యాభై ఎనిమిదిలోకి దిగితే నేను అప్పటికి ఎత్తుతున్నది సరిగ్గా సరిపోతుంది. డార్లీన్ కాగితం మీద లెక్క వేసి చూపించి, "కొంచెం దిగాలి మ్యాడీ, అంతే. నువ్వు వెళ్ళగలవు" అంది. నన్ను చూసి ఒకరు నువ్వు వెళ్ళగలవు అనడం అదే మొదటిసారి. ఇండియా నుంచి వచ్చిన దగ్గర్నుంచి నేనెక్కడికీ ప్రత్యేకంగా వెళ్ళగలిగినదాన్ని కాదు. ఆ మాట కోసం ఉప్పు మానేశాను, అన్నం మానేశాను. నాన్న చలికోటు వేసుకుని మండుటెండలో మా వీధుల చుట్టూ పరుగెత్తాను, ఒంట్లో నీరు పోవాలని అస్తమానం ఉమ్మేదాన్ని. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్ళం. రియా వాళ్ళ కోచ్ ఎదిగే పిల్లల్ని బరువు తగ్గనివ్వనే ఇవ్వడట. మాకు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.

అదే వారంలో నాయనమ్మ ఇంకో బాంబు పేల్చింది. పిల్ల కోసం సమ్మక్క సారలమ్మలకు ఎత్తు బంగారం మొక్కిందట! మా నాన్న వాళ్ళ వైపు ఆ తల్లులకు మనిషి ఎత్తు బెల్లం ఇస్తారు. తక్కెడలో మనిషిని ఒకవైపు, బెల్లం ఒకవైపు పెట్టి తూచి సమర్పిస్తారు, ఆ బెల్లాన్నే బంగారం అంటారు. మేము అబ్బురపడ్డాం. పోటీ గెలవాలని మొక్కిందని నాన్నకు కళ్ళు చెమర్చాయి. అసలు చిక్కు ఆ పూట భోజనాల దగ్గర బయటపడింది. నా కంచంలో రెండు దోసకాయ ముక్కలు చూసి నాయనమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మొక్కు మొక్కినంక మనిషి చిక్కొద్దు. తల్లులకు తక్కువ చేసినట్టయితది."

"అత్తయ్య గారూ, కోచ్ తగ్గమందండీ" అంది అమ్మ, చాలా మెల్లగా.

"కోచేమన్న మొక్కిందా?"

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న నీళ్ళు తాగాడు. ఆయన తీర్పు నాకిప్పటికీ గుర్తే. "చూడు మాధీ, నాయనమ్మ మాట కాదనకు. అట్లనే కోచ్ మాట కూడా వినకుండ ఉండకు. బ్యాలెన్స్ చెయ్యాలె." కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నన్నేం చెయ్యమంటారు మరి? అమ్మకేమో లోపల్లోపల సంతోషం, నా బుగ్గలు తగ్గుతున్నాయని. అత్తగారికి ఎదురు చెప్పే ధైర్యం లేక నాయనమ్మ వడ్డించినప్పుడు నోరు మూసుకునేది, ఆవిడ అటు తిరగ్గానే నా కంచంలోంచి సగం తీసేసేది. ఇంట్లో అందరూ నా ఒంటి బరువు గురించే మాట్లాడేవారు. నేను ఎత్తుతున్న బరువెంతో ఒక్కరూ అడగలేదు. నాకు మాత్రం అందరూ ప్రేమతోనే చేస్తున్నారని తెలుసు. తెలిసినందువల్లే తిక్క రేగేది. ఎవరి మీద అరవాలో తేలేది కాదు.

పోటీకి రెండ్రోజులుందనగా నీళ్ళు కూడా తగ్గించాను. పెదాలు పగిలిపోయాయి, క్లాసులో బోర్డు మీది అక్షరాలు ఈదుతున్నాయి. ఆ పూట నాయనమ్మ నా ముందు కూర్చుని కంచం కలిపి ముద్ద ఎత్తింది. వద్దన్నాను. బతిమాలింది. మొహం తిప్పుకున్నాను. ఆవిడ ఆ ముద్దను కంచంలో పెట్టేసి చేయి కడుక్కుంది. "నువ్వు తినకుంటె నేను గూడ తిన" అని లేచిపోయింది. ఆ పస్తు కూడా నా మీద ప్రయోగమే, నాకు తెలియదా? రేపటికి తనే తింటుందిలే అనుకున్నాను. మర్నాడు కూడా తినలేదు. అమ్మ బతిమాలింది, నాన్న కసిరాడు, పళ్ళు తెచ్చిపెట్టాడు. ముట్టుకుంటే ఒట్టు. పంతంలో మాది ఒకే రక్తం. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంది, వంటింట్లో నేల మీద, ఫ్రిజ్‌కి ఆనుకుని. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి. అన్నం మానేసింది గానీ షుగర్ మాత్ర మానలేదు. అమ్మకు ఫోన్ చేసి, అమ్మ చెప్పినట్టు నాయనమ్మకు ఆరెంజ్ జ్యూస్ తాగించాను. కాసేపటికి కళ్ళల్లో వెలుగొచ్చింది. నన్ను గుర్తుపట్టగానే అడిగిన మాట, "తిన్నవా బిడ్డా?"

ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ కోపం వచ్చింది. నేలమీదే ఆవిడ పక్కన కూలబడ్డాను. పొయ్యి మీద పొద్దుటి పప్పు ఉంది, అన్నం ఉంది. కలిపి ఆవిడకు పెట్టాను, ఆవిడ నాకు పెట్టింది. మొదటి ముద్ద లోపలికి వెళ్ళాక నా చేయి ఇక నా మాట వినలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను, ఊరగాయ నంజుకుని తిన్నాను, చెంబెడు నీళ్ళు తాగాను. తింటున్నంత సేపూ యాభై ఎనిమిది నా నుంచి దూరంగా వెళ్ళిపోతున్నట్టు తెలుస్తూనే ఉంది. అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి మమ్మల్నిద్దర్నీ చూసింది. నా కంచంలోంచి ఏమీ తీయలేదు. పెరుగు గిన్నె తెచ్చి పక్కన పెట్టి, హ్యాండ్‌బ్యాగ్ ఇంకా భుజానికి ఉండగానే తనూ మా దగ్గర నేల మీద కూర్చుంది.

మర్నాడు పొద్దున తూకం దగ్గర మిషన్ మీద నిలబడ్డాను. యాభై తొమ్మిది దాటి చూపించింది. డార్లీన్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా మొహం చూసి, నోట్లోని గింజల పొట్టు కప్పులో ఉమ్మి, "సరే, అరవై మూడులో ఎత్తుదాం" అంది. నేను ఎత్తాను. స్నాచ్‌కి మూడు, జెర్క్‌కి మూడు, మొత్తం ఆరు అవకాశాల్లో ఒక్కటి తప్ప అన్నీ ఎత్తాను. ఎత్తిన పద్ధతి సరిగ్గా ఉంటే ముందు మూడు తెల్ల లైట్లు వెలుగుతాయి. లైట్లు వెలిగినప్పుడల్లా వెనకాల నుంచి నాయనమ్మ చప్పట్లు వినబడ్డాయి, మధ్యలో ఒకసారి అమ్మ ఈల కూడా. అమ్మకు ఈల వేయడం వచ్చునని నాకు తెలియనే తెలియదు. అంతకు ముందెప్పుడూ నేను ఎత్తనంత ఎత్తాను. నాలుగో స్థానం వచ్చింది. నేను ఎత్తిన మొత్తం, యాభై ఎనిమిది విభాగం గీతను దాటింది, అరవై మూడు గీతకు చాలలేదు. అదే చేతులు, అదే ఇనుము, అదే రోజు. ఒక పూట భోజనం తేడా.

నాయనమ్మకు ఈ గీతలూ విభాగాలూ ఎవరు చెప్పగలరు? బార్ పైకి లేస్తే గెలిచినట్టే అనుకుంటోందని నాన్న అన్నాడు. కారులో ఆవిడ నా జబ్బలు నిమురుతూ, మొక్కు బాకీ ఉంచొద్దు, ఈ ఆదివారమే చెల్లిద్దాం అంది. నాన్న అద్దంలోంచి నన్ను చూసి, వద్దు, ఏమీ అనకు అన్నట్టు తల ఊపాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. గెలవని పోటీకి మొక్కు చెల్లించడమేమిటి? ఈ అవమానానికి మళ్ళీ ఊరందరికీ ప్రసాదం పంచడం ఒకటా?

ఆ తర్వాత నేను చాలా ఏళ్ళు ఎత్తాను. మళ్ళీ ఎప్పుడూ యాభై ఎనిమిదికి దిగలేదు. రెండేళ్ళకు అరవై మూడులోనే నేషనల్స్‌కి వెళ్ళాను, ఆ జాబితాలో అడుగున ఎక్కడో ఉన్నాను. ఆ తర్వాత మోకాలు మొండికేసి ఆట ఆగిపోయింది. రియాకు ఇవన్నీ తప్పవేమో, తప్పుతాయేమో. ఆ పిల్లకు భోజనం పట్టిక ఉంది, మాట్లాడటానికి సైకాలజిస్ట్ ఉంది, ఇంట్లో అందరూ ఒకే వైపు నిలబడి ఒకేసారి చప్పట్లు కొడతారు. నాకు అసూయగా ఉంది, దాచుకోవడమెందుకు. అప్పుడప్పుడు మాత్రం ఆ పిల్ల మీద జాలి కూడా వేస్తుంది. అంతమంది ఒకే మాట మీద ఉంటే పాపం ఎవరితో పోట్లాడుతుంది? ఆ రోజుల్ని తిట్టుకోవాలో మొక్కుకోవాలో నాకింకా తేలలేదు.

మొక్కు చెల్లిద్దామన్న ఆ ఆదివారం మా పెరట్లో, అదే తల్లుల గద్దె అనుకుని కంచె చెక్కకు నాయనమ్మ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. తక్కెడ ఎక్కడిది? నాన్న బాత్రూమ్‌లోని మిషన్ తెచ్చి గడ్డిలో ఒక పలక మీద పెట్టాడు. ఇర్వింగ్‌లో ఉన్న దుకాణాలన్నీ గాలించి తెచ్చిన బెల్లం దిమ్మలు నీలం టబ్బులో ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు విప్పి అమ్మ పేరుస్తోంది. "కడుపు నిండ తిన్నంకనే ఎక్కాలె" అని షరతు పెట్టి, నాయనమ్మ ముందే నాకు పూర్ణం బూరెలు తినిపించింది. మిషన్ ఎక్కాను. ఆ వారమంతా అంకె తగ్గాలని ప్రార్థించినదాన్ని, ఇప్పుడు అందరూ ఆ అంకె చూసి ఆనందపడుతుంటే ఎటు చూడాలో తెలియక ఆకాశం వైపు చూశాను. ఇక ఉగ్గబట్టుకోలేకపోయాను.

"నాయనమ్మా, నేను గెలవలేదు. నాలుగోదాన్ని. నేషనల్స్‌కి పోవట్లేదు. నాన్న నీకు చెప్పలేదు."

నాన్న చేతిలోని దిమ్మ అలాగే ఉండిపోయింది. నాయనమ్మ మిషన్ మీది అంకె నుంచి కళ్ళు తిప్పలేదు.

"నాకెరుకే. ముగ్గురు పోరీలు పెట్టె మీదికెక్కిన్రు, నువ్వు ఎక్కలే. నాకు కండ్లు లేవా?"

"మరి ఇదంతా ఎందుకు? గెలిస్తేనే కదా మొక్కు?"

"గెలుసుడు నాకెందుకే? నీ చేతుల బలమున్నది, ఇయ్యాల గాకుంటె రేపు గెలుస్తవ్. నువ్వు అన్నం తినాలని మొక్కిన. తిన్నవ్ గద."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నేను ఓడిపోవడానికి కారణమైన ఆ భోజనం కోసమే ఆవిడ దేవతలకు మొక్కింది. నేను అంతగా కోరుకున్నది చేజారితేనే ఆవిడ కోరిక తీరుతుంది, తీరింది. ఇప్పుడు దానికి కృతజ్ఞతగా నా ఎత్తు బెల్లం ఇస్తోంది, నన్నే నిలబెట్టి తూచి. కోపంతో దిగిపోదామనుకున్నాను. అప్పటికే ఆవిడ దిమ్మలోంచి ఒక ముక్క విరిచి, కంచెకు చూపించి, మునివేళ్ళ మీద లేచి నా నోట్లో పెట్టేసింది. బరువు తగ్గడానికి ఆ వారమంతా ఉమ్ముతూనే ఉన్నాను, ఇదీ ఉమ్మేద్దామనుకున్నాను. ఆవిడ నా మొహం కిందే నిలబడి, నేను నమిలేదాకా నోరు తెరుచుకుని చూస్తోంది. నమిలాను. కోపం ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. ఇంకో ముక్క పెట్టమన్నాను.